నడుము పట్టీలో మూడు కుట్లు

పొద్దున్నే మామగారి ముందు పళ్ళెం పెట్టింది కోడలు. నాలుగు ముద్దలు తిని ఆయన పళ్ళెం పక్కకి జరిపారు.

"చాలమ్మా. కడుపు నిండిపోయింది."

"నాలుగు ముద్దలకేనా మామయ్యా?"

"మాత్రల వేడి. మెతుకు లోపలికి దిగనంటోంది."

ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను. రెండేళ్ళ కిందట రక్తానికి క్యాన్సర్ వచ్చి తగ్గింది. మాత్రలు మాత్రం ఇంకా మింగుతున్నారు. తిండి తగ్గిందన్నా, ఆకలి లేదన్నా ఆ మాత్రల మీదికే తోసేవారు. కొడుకు ఇంకో దారి చూసుకున్నాడు. పెళ్ళాం వంట మీదికి తోశాడు.

"ఉప్పు లేదు, కారం లేదు," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "నువ్వు పెట్టేది తినేలా ఉంటే నాన్న ఎందుకు తినడు?"

"డాక్టరే కదా తగ్గించమంది."

"రుచి తగ్గించమనలేదుగా."

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆ పూట బట్టలు ఉతుకుతూ మామగారి ప్యాంటు తిరగేసింది కోడలు. నడుము పట్టీలో మూడు కుట్లు. ఒకదానికంటే ఒకటి వేలి మందం లోపలికి. ఒకటి నీలం దారం, ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు. ఏ రోజు మిషనులో ఏ దారం ఉంటే దాంతోనే బిగించేసినట్టుంది. మనిషి చిక్కిపోతున్నా ప్యాంటు ఏనాడూ వదులు కాలేదు. ఇంకొకరైతే బెల్టు బొక్కలైనా పట్టించేవి.

తడి ప్యాంటుతోనే వెళ్ళి మిషను బల్ల మీద పెట్టింది.

"మొదటి కుట్టు ఎప్పటిది మామయ్యా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాలుగు నెలలైంది."

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కొడుక్కి కూడా ప్యాంటు చూపించింది. అతను చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"పద నాన్నా, ఆసుపత్రికి."

"రాను. ఒకసారి మీ చేత చాకిరీ చేయించుకున్నాను. ఆ ఏడాదంతా ఈ పిల్లకి కంటి నిండా నిద్ర లేదు. నా నొప్పేదో నేను పడతాను."

"నొప్పి మీరు పడ్డారు," అంది కోడలు. గొంతు పెంచలేదు. "మాటలు నేను పడ్డాను మామయ్యా. నాలుగు నెలలు. మీరు గోడ అవతలే ఉన్నారు."

ఆయన కత్తెర తీసి పక్కన పెట్టారు.

"విన్నానమ్మా. వింటూనే మిషను తొక్కాను. నీ వంటలో లోపం లేదని ఒక్క మాట అనాల్సింది. అంటే నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. తప్పు నాది." లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నారు. "పద, ఎక్కడికంటే అక్కడికి వస్తాను."

గొంతులోంచి గొట్టం వేసి పొట్ట చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

"ఇది మాత్రల వేడి కాదు పెద్దాయనా. తగ్గిందనుకున్న రక్తపు క్యాన్సరే ఒక్కోసారి తిరిగొచ్చి పొట్ట గోడలో కూర్చుంటుంది. మీకు అక్కడ పుండు పడింది. మందు మారుస్తాను. లొంగే రకమే. ఇంకా ఆలస్యమైతే రక్తం కక్కుకునేవారు. ఎవరు కనిపెట్టారు?"

"నా భార్య," అన్నాడు కొడుకు. "నేను ఆమె వంటకి వంకలు పెడుతూ కూర్చున్నాను."

కోడలు కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంటికొచ్చాక మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది. "ఇకమీదట నొప్పొస్తే ముందు ఎవరికి చెప్తారు?"

"నీకే."

"తర్వాత?"

"తర్వాత కూడా నీకే. వాడికి నువ్వు చెప్పు. వాడికి వినడం రాదు."

"నేర్చుకుంటాలే నాన్నా," అన్నాడు కొడుకు, వంటింట్లో గిన్నెలు తోముతూ.

కొత్త మందు మొదలైన పదో రోజు. ఎండ వాకిట్లోకి వచ్చింది. కోడలు పెరట్లో ఉంది. ముందు గదిలోంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్, ఒకసారి రా. పొట్టలో నొప్పిగా ఉంది."

చేతిలో పని వదిలేసి పరిగెత్తింది. పరిగెడుతూనే మనసులో దణ్ణం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆయన నొప్పిని దాచుకోకుండా తనంతట తానే నోరు తెరిచి చెప్పడం అదే మొదటిసారి.