శుక్రవారం పరీక్ష

ఇల్లు మారే హడావుడిలో ఆ బుధవారం పొద్దున కాఫీ గ్లాసులు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో ఎవరికీ తెలియలేదు. చివరికి ముగ్గురూ పెరుగు గిన్నెల్లో కాఫీ తాగారు. లలితకుమారి స్టీలు డబ్బాలను పాత చీరల్లో చుట్టి సర్దుతుంటే, ఏ పెట్టె మీద ఏమి రాయాలో రామకృష్ణారావు డ్యూటీకి బయలుదేరుతూ కూడా చెబుతూనే ఉన్నాడు. దోహాలో డ్రైనేజీ పనులు చేయించే కంపెనీలో ఆయన సీనియర్ ఇంజినీరు. తాను చెప్పనిదే ఏ పనీ జరగదని ఆయన నమ్మకం. ఇంట్లో పప్పులో ఉప్పు కూడా ఆయన చెబితేనే పడుతుందన్నట్టు ఉంటుంది ఆయన ధోరణి.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, పాత విల్లా కింది వాటాలో ఇన్నేళ్ళున్నాక ఊరి శివారున అల్ వుకైర్‌లో విడిగా ఒక విల్లా అద్దెకు దొరికింది. శుక్రవారం అక్కడ పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి. తెలిసిన తెలుగు కుటుంబాలన్నింటినీ పిలిచేశారు. అదే శుక్రవారం, దాదాపు అదే వేళకు, కూతురు ఇంద్రజకు పరీక్ష ఉంది.

జర్మనీలో, డ్రెస్డెన్‌లో భూగర్భజలాల మీద మాస్టర్స్ చదువుతోంది ఇంద్రజ. క్లాసులు అయిపోయాయి, రాయవలసిన పేపర్లన్నీ రాసింది, థీసిస్ కూడా ఇచ్చేసింది. మిగిలింది ఒక్క మౌఖిక పరీక్ష. ఆ పాఠం చెప్పిన ప్రొఫెసర్ లిండ్నర్ ఈ వేసవిలో వేరే ఊళ్ళో పాఠాలు చెబుతోంది కాబట్టి అందరికీ వీడియోలోనే పరీక్ష పెట్టింది. హాస్టల్ గది గడువు ముగియడంతో ఇంద్రజ దోహా వచ్చేసింది. ఈ పరీక్ష గట్టెక్కితే సెప్టెంబరులో లైప్సిగ్‌లో ఉద్యోగంలో చేరొచ్చు. తప్పిపోతే మళ్ళీ చలికాలం దాకా ఆగాలి. అంతవరకు ఆ ఉద్యోగం ఆమె కోసం ఆగదు.

పరీక్ష శుక్రవారమని నెల ముందే తండ్రికి ఫోన్‌లో చెప్పింది. ఆయన సైట్‌లో ఉండి ‘ఆఁ ఆఁ’ అన్నాడు. వచ్చి చూస్తే అదే రోజుకు ముహూర్తం పెట్టించి కూర్చున్నాడు. ఇదేమిటని అడిగితే, నేను చూసుకుంటానుగా, నువ్వు చదువుకో అన్నాడు. ముహూర్తం సంగతే చూసుకుంటాడు కాబోలనుకుంది పిచ్చిపిల్ల.

ఆ మధ్యాహ్నం ప్రొఫెసర్ లిండ్నర్ విద్యార్థులతో పరీక్షకు ముందు మాట్లాడే వేళ. ఇంద్రజ తన సందేహాలు రాసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆవిడ తెర మీదకు రాగానే ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. మర్యాదకు అడుగుతోందనుకుని బాగున్నానంది ఇంద్రజ. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

మీకు ఒంట్లో బాగాలేదని, పరీక్ష ఆదివారానికి మార్చమని మీ నాన్నగారు నాకు మెయిల్ రాశారు, అంది ఆవిడ. విద్యార్థుల విషయాలు తల్లిదండ్రులతో మాట్లాడే పద్ధతి తమకు లేదట. అందుకే ఆయనకు జవాబు రాయలేదట. నిజంగా జబ్బు చేసి ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ పంపితే చాలు, పరీక్ష తర్వాతి సెమిస్టర్‌కు వెళ్తుందట. "నిర్ణయం మీది. నేను మిమ్మల్నే అడుగుతున్నాను," అంది.

ఇంద్రజకు చెవులు వేడెక్కాయి. రెండేళ్ళుగా ఆవిడ ముందు ఒక్కో మాటా సొంతంగా కూడబలుక్కుని, సొంతంగా నిలబడి మాట్లాడిన పిల్ల. ఇప్పుడు ఆవిడ కళ్ళకు తాను జలుబుకు లీవ్ లెటర్ తెచ్చిన రెండో తరగతి పిల్లలా కనబడుతోంది. అవునంటే తాను అబద్ధాలకోరు, కాదంటే తండ్రి అబద్ధాలకోరు.

"నాకు ఏ జబ్బూ లేదు. శుక్రవారమే వస్తాను," అంది. ఆవిడ తలూపి, ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే ఇంద్రజకు ఇంకా తలకొట్టేసినట్టయింది. రాసుకున్న సందేహాలు ఒక్కటీ అడగకుండానే మాట్లాడడం ముగించింది.

సాయంత్రం రామకృష్ణారావు వచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఇంద్రజ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకేం జబ్బు నాన్నా?"

ఆయన తలెత్తాడు. మొహంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు. "ఓ, మెయిల్ చూసుకుందన్నమాట ఆవిడ. ఏమంది, ఆదివారం కుదురుతుందటా?"

ఇంద్రజకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం అక్కడ సెలవని, శుక్రవారం పనిదినమని చెప్పింది. శుక్రవారంనాడు పరీక్షలు పెట్టడమేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. పాతికేళ్ళుగా దోహాలో శుక్రవారమే వారపు సెలవుగా గడిపిన మనిషి. భూమి మీద ఎక్కడైనా శుక్రవారం ఆఫీసులు తెరుస్తారని ఆయన మరిచిపోయి చాలా కాలమైంది. పిల్లే తేదీ తప్పు చెప్పి ఉంటుందనుకున్నాడట. సరే, ఎందుకైనా మంచిదని ఒక మాట రాసి పడేశాడట.

"దానికి నాకు జబ్బెందుకు అంటగట్టారు?"

"జబ్బంటే నిజం జబ్బా? లీవ్ కావాలంటే అలాగే రాస్తారు. నిన్ను తిరుపతి తీసుకెళ్ళిన ప్రతిసారీ మీ స్కూల్‌కి జ్వరమనే రాశాను. అప్పుడు లేని రోషం ఇప్పుడొచ్చిందేం?"

"అప్పుడు మీ సంతకం కావాలి. ఇప్పుడు నా సంతకం ఒక్కటే చెల్లుతుంది. ఆవిడ మీకు జవాబే ఇవ్వలేదు, గమనించారా?"

గమనించాడు. అది ఆయనకు గుచ్చుకుంది కూడా. గొంతు పెంచి, ఇంటినిండా పెద్దవాళ్ళు వస్తుంటే పిల్లకు పరీక్ష అడ్డొచ్చిందని ఎవరితో చెప్పుకోవాలన్నాడు. అయినా అదేమైనా మూడు గంటలు కూర్చుని రాసేదా, ఏదో ఒక గదిలో కూర్చుని కాసేపు మాట్లాడడమేగా అన్నాడు.

"అంత తేలికైతే మార్చమని ఎందుకు అడిగారు? పోనీ, పంతులుగారిని అడిగారా, ముహూర్తం మార్చమని?"

ఆయన వంగి రెండో బూటు లేసు విప్పుకోసాగాడు. లలితకుమారి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అడగలేదు," అంది ఇంద్రజే. "ముక్కూమొహం తెలియని ప్రొఫెసర్‌ని అడగడానికి మీకు మొహమాటం లేదు. రోజూ ఫోన్‌లో మాట్లాడే పంతులుగారి దగ్గర మాత్రం మొహమాటం. మనీష్ బోర్డు పరీక్షలప్పుడు ఈ ఇంట్లో కుక్కర్ పెట్టలేదు నాన్నా, విజిల్ వస్తే వాడి ధ్యాస చెడుతుందని. అన్నం గిన్నెలో వార్చింది అమ్మ. ఎవరైనా వస్తామంటే మీరే ఫోన్ చేసి వద్దన్నారు. నా ఆఖరి పరీక్షకేమో ఊరందరినీ పిలిచి, నన్ను జబ్బుమనిషిని చేశారు."

వరంగల్‌లో చదువుకుంటున్న తమ్ముడు మనీష్‌కు ఇందులో ఏ పాపమూ తెలియదు గానీ, ఆ కుక్కర్ మాట నిజం. లలితకుమారి తల దించుకుంది.

రామకృష్ణారావుకు కోపం కంటే ముందు బాధ వేసింది. అది దాచుకోవడం ఆయనకు చేతకాదు. "ఎల్కేజీ నుంచి నీ ప్రతి పరీక్షకూ గేటు బయట నిలబడ్డవాణ్ణి. ఎండలో, కారు నీడన. నేనా నీ చదువుకు అడ్డం?"

"గేటు బయటే నిలబడేవారు నాన్నా. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. ఈసారి లోపలికి వచ్చేశారు."

తన గదిలోకి వెళ్ళబోతూ ఇంద్రజ ఆగింది. "సారీ చెప్పడానికి కూడా ఆవిడకు మళ్ళీ రాయకండి," అంది.

గురువారం తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోలేదు. పైగా ఇంటర్నెట్ కూడా పోయింది. ఇల్లు ఖాళీ చేస్తున్నామని రామకృష్ణారావే ముందుచూపుతో చెప్పి కట్ చేయించాడు. కొత్త ఇంట్లో ఇంకా పెట్టనే లేదు. ఇంతటి ముందుచూపుగల మనిషికి కూతురి పరీక్ష ఒక్కటే కంటికి ఆనలేదు మరి. ఇంద్రజ ఏడవలేదు. కంప్యూటర్ చంకలో పెట్టుకుని పై వాటాకు వెళ్ళింది.

పై వాటాలో నిజామాబాద్ నుంచి వచ్చిన నిసార్ అహ్మద్, ఖమర్ సుల్తానా ఉంటారు. వాళ్ళమ్మాయి నూరైన్ పెళ్ళయి హైదరాబాద్ వెళ్ళాక ఆ పిల్ల గది ఖాళీగా ఉంది. ఇంద్రజ సంగతంతా చెప్పి, ఒక గంటసేపు ఆ గదీ, వాళ్ళ ఇంటర్నెట్టూ ఇస్తారా అని అడిగింది.

"గిది గుడ అడుగుతరా బిడ్డా," అంది ఖమర్ సుల్తానా. "రేపు జుమ్మా. నమాజుకు మగోళ్ళంత పోతరు. ఇల్లు సప్పుడు లేకుండ ఉంటది. కూసొని మంచిగ చెప్పుకో నీ పరీక్ష." ఇంద్రజను గుమ్మం దాకా సాగనంపుతూ, "మీ నాయన మీద గంత కోపం పెట్టుకోకు. గాయన నోరే గట్ల," అంది. ఆ కోపం ఇంద్రజకు అవసరమే అనిపించింది. అది లేకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

కిందికి వచ్చేసరికి తల్లి గొంతు వినబడింది. ఎప్పుడూ ఆయన మాటకు తలూపడమే తప్ప ఎదురు చెప్పని మనిషి, ఆ రోజు మాత్రం గట్టిగానే అంటోంది. "పిల్ల మేడ మీద వేరేవాళ్ళింట్లో చోటు అడుక్కుంటోంది. మనమేమో కొత్త ఇల్లని అందరికీ భోజనాలు పెడుతున్నాం. నాకు సిగ్గుగా ఉందండీ." దానికి ఆయన ఏమన్నాడో ఇంద్రజకు వినబడలేదు.

శుక్రవారం పొద్దున్నే వాళ్ళు అల్ వుకైర్ బయలుదేరారు. వెళ్ళేముందు లలితకుమారి టేపు వేసిన పెట్టెను మళ్ళీ కోసి చెంచా వెతికి తీసింది. కూతురి అరచేతిలో పెరుగూ పంచదారా వేసి, తిన్నాకగాని కదలలేదు. రామకృష్ణారావు పట్టుపంచె కట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు. కనీసం బాగా చెప్పు అని కూడా అనలేదు. అంత పట్టుదలా అనుకుంది ఇంద్రజ. పైకి వెళ్ళి నూరైన్ గదిలో తలుపు వేసుకుంది.

వేళ అయ్యేసరికి ప్రొఫెసర్ లిండ్నర్, ఆవిడ పక్కన నోట్సు రాసుకునే సహాయకుడు తెర మీదకు వచ్చారు. ఇంట్లో కూర్చుని పరీక్ష ఇచ్చేవాళ్ళకు వాళ్ళ నియమం ఒకటుంది. గదిలో ఇంకెవరూ లేరని చూపించాలి. ఇంద్రజ కంప్యూటర్‌ను చేతుల్లోకి తీసుకుని నాలుగు గోడలూ, మంచం కిందా, బల్ల కిందా చూపించింది. తలుపు కూడా తెరిచి చూపించమన్నారు.

తలుపు తెరిచింది. ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు.

పట్టుపంచె, నుదుటన బొట్టు, చేతిలో కారు తాళాలు. ఖమర్ సుల్తానా వేసిన కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. అంతమంది అతిథుల్నీ, పంతులుగారినీ ఏం చేసి వచ్చాడీయన?

ఎవరాయన అని తెర లోంచి అడిగింది ప్రొఫెసర్. "మా నాన్నగారు," అంది ఇంద్రజ. నాకు రాసినది ఈయనేనా అని అడిగింది ఆవిడ. అవునంది. అయితే ఆయన నాతో ఏమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడిగింది.

ఇంత చక్కని అవకాశం ఎదురుగా వస్తే వదులుకునే మనిషి కాదాయన. స్కూల్లో టీచర్లతో, క్లినిక్‌లో డాక్టర్లతో, ఆఖరికి పుట్టినరోజు కేకు మీద పేరు రాసేవాడితో కూడా, కూతురు నోరు తెరవకముందే ఆయన మాట్లాడేవాడు. ప్రొఫెసర్ జర్మన్‌లో అడిగినదాన్ని ఇంద్రజ చిన్న గొంతుతో తెలుగులో చెప్పింది.

రామకృష్ణారావు తెర వంక చూడనైనా చూడలేదు. కూతురి మొహంలోకి చూశాడు.

"నేను చెప్పేది ఏమీ లేదమ్మా. నువ్వే మాట్లాడు."

అని రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి చాపి, తలుపు తనే దగ్గరగా మూశాడు.

ఇంద్రజ కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టింది. మొదటి ప్రశ్నకు జవాబు తడబడింది. రెండో ప్రశ్న సముద్రపు ఉప్పునీరు తీరంలోని మంచినీటి పొరల్లోకి ఎలా చొచ్చుకొస్తుందన్నది. దానికి బొమ్మ గీస్తూ మాట్లాడడం మొదలుపెట్టాక ఇంకేమీ గుర్తు లేదు. వాళ్ళు అడుగుతూ పోయారు, ఆమె చెబుతూ పోయింది. చివర్లో, మార్కు నిర్ణయించుకోవాలి, కాసేపు ఆగమని చెప్పి వాళ్ళు తెర మీంచి తప్పుకున్నారు. తిరిగి వచ్చి ఒకటి పాయింట్ మూడు అన్నారు. అక్కడ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. అన్నింటికన్నా మంచి మార్కుకు అది ఒక్క మెట్టే కింద. అభినందనలు చెప్పి, మీ నాన్నగారు ఇంకా అక్కడే ఉంటే ఇక లోపలికి రావచ్చని నవ్వింది ఆవిడ.

తలుపు తీస్తే ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకున్న చోట పట్టుపంచెకు సున్నం అంటింది.

ముహూర్తానికి పాలు లలితకుమారే పొంగించిందట. వ్రతం సాయంత్రానికి మార్చమని పంతులుగారిని అడిగితే, దానిదేముంది సార్, ముందే చెప్పొచ్చుగా అన్నాడట ఆయన. వచ్చినవాళ్ళందరికీ, మా అమ్మాయికి పరీక్ష ఉంది, సాయంత్రం రండి అని రామకృష్ణారావు తనే చెప్పాడట. ఇంత తేలిగ్గా అయిపోయే పనికి తనను అంత క్షోభపెట్టారే అని ఇంద్రజకు మళ్ళీ ఒళ్ళు మండింది. మండుతూండగానే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

"నాకు ఇంకా కోపంగానే ఉంది నాన్నా," అంది.

"ఉండనీ. ఉండాల్సిందే," అన్నాడాయన. "అలా రాయకుండా ఉండాల్సింది."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. లలితకుమారి. ఏమైందండీ, ఎలా చెప్పిందట, ఎంత వచ్చిందట అని ఆవిడ అడగడం ఇంద్రజకూ వినబడుతోంది. వెనక నుంచి అల్ వుకైర్ ఇంట్లోని జనం గొంతులు. కూతురి మార్కులు నలుగురికీ చెప్పడమంటే రామకృష్ణారావుకు పండగ. పదో తరగతిలో ఆమెకు తొంభై అయిదు శాతం వచ్చిన సంగతి దోహాలో తెలియని తెలుగువాళ్ళు లేరు.

"పరీక్ష తనది. తననే అడుగు," అని ఆయన ఫోన్ కూతురికి ఇచ్చి, కిందికి దిగి కారు ఏసీ వేయడానికి వెళ్ళాడు.