వేలెడు కూడా కదలకూడదు

“అంటే ఏమిటే అమ్మాయ్ నీ ఉద్దేశం? నా చేతుల్లో నా మనవరాలు నిలవదనేగా!”

అత్తగారు హనుమాయమ్మ కేక వసారా దాటి వీధి చివరిదాకా వినిపించింది. అఖిల కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆరు నెలల శ్రీరమ్యకు ఆ రోజు కోటప్పకొండ మీద అన్నప్రాసన. పట్టుచీరలు కట్టుకుని, వెండిగిన్నె సర్దుకుని, అందరూ నవ్వుతూ బయలుదేరాల్సిన పూట... ఇదేం గొడవ!

గొడవంతా కారు వెనక సీటులో బిగించిన ఆ చిన్న సీటు గురించే. పాపను కూర్చోబెట్టడానికి అఖిల ఏరికోరి తెప్పించింది. దాంతో వచ్చిన పుస్తకం మూడు రోజులు చదివింది. నిన్న సాయంత్రం భర్త కోటేష్‌తో కలిసి గంటసేపు తంటాలు పడి బిగించింది. పోయినేడు వేయించిన సీటు కవరు, బెల్టు తగిలించే బకిల్‌ని లోపలికి మింగేసింది. బ్లేడుతో కుట్లు విప్పి మరీ బయటికి లాగారు. తీరా ఈ పొద్దున ఒకసారి ఊపి చూస్తే, సీటు ఇటూ అటూ ఊగిపోయింది! వంగి చూస్తే దాని కింద మెత్తటి పత్తి బొంత మడతపెట్టి ఉంది.

“పాపకి గట్టిగా తగులుతుందని బెల్టు వదులు చేసి నేనే పెట్టాను. అదీ తప్పేనా?” హనుమాయమ్మ కళ్లు తుడుచుకుంది. “మన చేలో మొదటి తీతలో వచ్చిన పత్తి. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు రోజూ మధ్యాహ్నం కూర్చుని కుట్టాను. దాన్ని తీసి అవతల పారేయమంటావు!”

“పారేయమనలేదు అత్తయ్యా! సీటు కింద మెత్తగా ఏమీ ఉండకూడదు. బరువు పడ్డప్పుడు బొంత అణిగిపోతుంది, బెల్టు వదులవుతుంది...”

“చదువుకున్నదానివి! నువ్వు చెబితే నేను వినాలి కదా!”

వాళ్లకంటే ముందు వెళ్లి పూజారితో మాట్లాడాలని మోటారు సైకిలు తీస్తున్న మామగారు బుల్లయ్య నవ్వాడు. “ఒరేయ్ కోటేషూ, పాప సంగతి తర్వాత. ముందు వీళ్లిద్దరినీ చెరో సీటుకి కట్టెయ్‌రా!” అని వెళ్లిపోయాడు.

కోటేష్ భార్య పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. “శుభమా అని వెళుతున్నాం అఖిలా... అమ్మని ఏడిపించి బయలుదేరతామా? ఇవాళ ఒక్కరోజు ఉండనీ. మెల్లగా పోనిస్తాలే.”

అఖిల మనసు ఒప్పుకోలేదు. అయినా తల ఊపింది. పెళ్లయి రెండేళ్లు కాకముందే అత్తగారిని ఏడిపించిన కోడలు అనిపించుకోవడానికి భయపడింది పాపం! బొంత అలాగే ఉంచి, దాని మీదే సీటుకి బెల్టు లాగి పెట్టారు. పాపను వీపు ముందుకు, ముఖం వెనక్కు ఉండేలా కూర్చోబెట్టి పట్టీలు మాత్రం అఖిల జాగ్రత్తగా తగిలించింది. హనుమాయమ్మ మూతి బిగించుకుని పాప పక్కన కూర్చుంది. అఖిల ముందు సీట్లో కూర్చుంది కానీ, ప్రాణమంతా వెనకే ఉంది.

ఊరు దాటి పట్టుమని పది నిమిషాలు కాలేదు. ఒక జిన్నింగు మిల్లు సందులోంచి పత్తి ట్రాక్టరు చూడకుండా రోడ్డెక్కేసింది. కోటేష్ బ్రేకు తొక్కాడు... అంత వేగమేం లేదు. కారు ఆగింది. కానీ వెనక బొంత జారింది, బెల్టు వదులైంది, సీటు పాపతో సహా ముందుకు ఒరిగి అఖిల సీటు వీపుకి ధబ్బున తగిలింది!

“అమ్మో! నా తల్లీ!” హనుమాయమ్మ రెండు చేతులూ చాచింది. సీటు అంచు అందింది... పట్టుకుంది... ఆపలేకపోయింది! ఆమె గాజు చిట్లి మణికట్టు మీద నెత్తురు చిమ్మింది.

అఖిల ఎలా దిగిందో, వెనక తలుపు ఎలా తీసిందో ఆమెకే తెలియదు. పట్టీల్లో భద్రంగానే ఉన్న పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఎత్తుకుని తలా, మెడా, వేళ్లూ అన్నీ తడిమి చూసింది. ఒక్క గీత కూడా లేదు. భుజాన వేసుకోగానే పాప ఏడుపు ఆగింది. అఖిల ఏడుపు మొదలైంది. ‘తెలిసి తెలిసి నేనెందుకు ఒప్పుకున్నాను!’

రోడ్డు పక్క హనుమాయమ్మ కూలబడిపోయింది. తన చేతులకేసే చూసుకుంటోంది.

“అమ్మా, ఏం కాలేదే! పాప బాగానే ఉంది” అన్నాడు కోటేష్ కంగారుగా.

“నీ కనుబొమ్మ మీద మచ్చ...” అంది హనుమాయమ్మ తలెత్తకుండానే. “ఉయ్యాలలోంచి పడితే వచ్చిందని అందరికీ చెప్పాను. అబద్ధంరా! నీకు పది నెలలప్పుడు గుంటూరు మిర్చి యార్డులో కాయలు వేసి ట్రాక్టరులో తిరిగి వస్తున్నాం. ఒళ్లోనే పెట్టుకున్నాను. నిద్రపోలేదు, ఏమరలేదు... గట్టిగా పట్టుకునే ఉన్నాను! గేదె అడ్డం వచ్చిందని మీ నాన్న బ్రేకు కొట్టాడు. చూసుకుంటే నా చేతులు ఇలా చుట్టుకునే ఉన్నాయి... మధ్యలో నువ్వు లేవు!”

కోటేష్ చెయ్యి తెలియకుండానే కనుబొమ్మ మీదికి వెళ్లింది.

“నేనూ మీ నాన్నా తప్ప ముప్పై ఏళ్లుగా ఎవరికీ తెలియదు. నువ్వు ఆ సీటు తెచ్చినప్పుడు, అమ్మాయ్, ఎవరో నీకు చెప్పేశారనుకున్నాను. నేను బిడ్డను జారవిడిచినదాన్నని తెలిసే తెచ్చావనుకున్నాను!”

అఖిల పాపతోనే ఆమె పక్కన మట్టిలో కూర్చుంది. పట్టుచీర సంగతి గుర్తే లేదు.

“నాకెవరూ చెప్పలేదు అత్తయ్యా. మీ చేతుల మీద అనుమానంతో కాదు తెచ్చింది. ఆ కుదుపుకి ఎవరి చేతులూ చాలవు... నావి కూడా చాలవు! ఆ రోజు మీరు వదల్లేదు. చేతులు చాలలేదు, అంతే!”

ముప్పై ఏళ్లలో ఆ మాట హనుమాయమ్మతో అన్నవాళ్లు లేరు. కొంగుతో మణికట్టు తుడుచుకుని లేచింది. బొంత లాగి బయట పెట్టింది.

“ఎలా బిగించాలో చెప్పు.”

“నడుం బెల్టు అడుగునున్న ఈ సందులోంచి రావాలి, భుజం బెల్టు సీటు వీపు వెనక నుంచి తిరగాలి. ఎక్కడా మెలిక పడకూడదు. బకిల్ టక్కుమన్నాక సీటుని కిందికి అణిచి బెల్టు లాగాలి. నా చేతులకి అణగడం లేదు...”

“చేతులతో అణిగేదా ఇది? జరుగు!” హనుమాయమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, కారులోకి వంగి, సీటు మధ్యలో మోకాలు ఆనించి ఒళ్లంతా బరువేసింది. “ఏటా గోనె బోరేల్లో పత్తి కూరి తొక్కిన కాళ్లివి. ఊఁ, ఇప్పుడు లాగరా! ఏరా, పూలదండ లాగుతున్నావా? ట్రాక్టరు మీద బోరేలకి తాడు బిగించినట్టు లాగు!”

కోటేష్ లాగాడు. ఆమె ఇంకా అణిచింది. బెల్టు వేలెడంత, మళ్లీ వేలెడంత లోపలికి దిగింది. బెల్టు జారకుండా సీటుకున్న బిగింపు మూసేశాడు.

అఖిల పాపను అత్తగారి చేతుల్లో పెట్టింది. తడబడలేదు, ‘జాగ్రత్త’ అని కూడా అనలేదు. బెల్టు దూరిన చోట సీటు పట్టుకుని బలంగా ఊపింది. కారు కదిలింది కానీ, సీటు వేలెడు కూడా కదల్లేదు!

“నిన్న ఇద్దరం గంటసేపు కష్టపడినా ఇంత గట్టిగా రాలేదు అత్తయ్యా!” అంది, కళ్లల్లో నీళ్లతోనే నవ్వుతూ. మూడు రోజులు చదివిన పుస్తకంలో లేని బలం ఆ అరవై ఏళ్ల మోకాలిలో ఉంది. తన తప్పును నడిరోడ్డు మీద చెప్పుకున్న ఆ మనసులో అంతకంటే ఎక్కువే ఉందనిపించింది అఖిలకు.

పాపను హనుమాయమ్మే కూర్చోబెట్టింది. పట్టీలు ఎలా తగిలించాలో అడిగి మరీ నేర్చుకుంది. తన బెల్టూ పెట్టుకుంది. బొంత ఒళ్లో పరుచుకుని, చిటికెన వేలు పాపకి అందించింది. శ్రీరమ్య ఆ వేలు పట్టుకునే నిద్రపోయింది.

కొండ కింద బుల్లయ్య ఎదురుచూస్తున్నాడు. “ఇంతాలస్యమేంటే?” అంటూ తలుపు తీసి మనవరాలిని ఎత్తుకోబోయాడు.

“ఆగండి! అలా లాగకూడదు. ముందు పట్టీ విప్పాలి. ఎలాగో మా అమ్మాయి చెబుతుంది” అంది హనుమాయమ్మ. తర్వాత భర్త వైపు తిరిగింది. “చెప్పేశానండీ... వీడి మచ్చ సంగతి.”

బుల్లయ్య చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. కొడుకు వంక, కోడలి వంక చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం లేదు.

“మంచి పని చేశావు” అన్నాడు మెల్లగా. “దిగు... అందరం కలిసి కొండ ఎక్కుదాం.”