ఖాళీగా వచ్చిన నీళ్ల సీసా

పొద్దున్నే కుట్టుమిషను మీది గుడ్డలు పక్కకు నెట్టి, ఆమె కూతురి బడిసంచీ సర్దుతోంది. తిండి డబ్బా, నీళ్ల సీసా, అన్నిటికీ అడుగున మడతపెట్టిన ఇంకో స్కర్టు. ఆరేళ్ల ఆ పిల్లకు పిచ్చుక అన్న ముద్దుపేరు నాయనమ్మ పెట్టింది. రెండు నెలల కిందట తరగతిలో ఫిట్స్ వచ్చి పిచ్చుక బట్టలు తడుపుకుంటే పిల్లలంతా నవ్వారు. అప్పట్నుంచీ ఆ స్కర్టు సంచీలో ఉండాల్సిందే.

"జాగ్రత్తమ్మా, మళ్లీ తడుపుకోకు." రోజూ అనే మాటే. పిచ్చుక బుద్ధిగా తలూపింది.

"పొద్దున్నే ఆ మాటెందుకే దానికి?" చెప్పులు వేసుకుంటూ అత్తగారు గొణిగింది. పిల్లను బడికి దింపేదీ, సాయంత్రం మాత్ర వేసేదీ ఆవిడే.

"నవ్వులపాలయ్యేది నా కూతురు అత్తయ్యా."

"అంటే నాకు పక్కింటి పిల్లా?"

మధ్యాహ్నం బడి నుంచి ఫోను, పిచ్చుకకు మళ్లీ ఫిట్స్ వచ్చాయని. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. లారీ మీద పోయిన మొగుడికి ఫోను కలవలేదు. మంచం మీద పిచ్చుక వాడిన ఆకులా పడి ఉంది. పెదవులు బీటలు వారాయి. చేతికి సెలైను.

వరండాలో అత్తగారు కనబడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నిన్న మాత్ర వేశారా? నిజం చెప్పండి. టీవీ ముందు కూర్చుంటే మీకు లోకం తెలుస్తుందా?"

"వేశానే. నా చేత్తో వేశాను."

"ఆ చేత్తోనే చంపేలా ఉన్నారు దాన్ని!"

అందరూ తిరిగి చూశారు. అత్తగారు పిచ్చుక బూటు ఒళ్లో పెట్టుకుని, దాని తాడు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

డాక్టరమ్మ వచ్చింది. "రక్తంలో మందు సరిపడానే ఉందమ్మా. లేనివి నీళ్లూ, తిండీ. అసలే ఫిట్స్ ఉన్న పిల్ల. ఎండలో ఒళ్లు ఎండిపోయి, చక్కెర పడిపోతే ఉత్త మాత్ర ఎంతని ఆపుతుంది?"

"అదెలా అండీ? సీసా రోజూ ఖాళీగానే తెస్తుంది. తెచ్చినందుకు ముద్దు కూడా పెడతాను."

సాయంత్రానికి పిచ్చుకకు పూర్తిగా తెలివి వచ్చింది. కొంచెం కొంచెంగా నీళ్లు పట్టొచ్చని నర్సు చెప్పింది. ఆమె గ్లాసు అందిస్తే పిల్ల మొహం తిప్పేసుకుంది.

"వద్దమ్మా. తాగితే తడిసిపోతుంది."

"ఎవరు చెప్పారే?"

"నువ్వే కదా తడుపుకోకు అంటావు. అందుకే నీళ్లు గేటు దగ్గర మొక్కకి పోసేస్తున్నా. తింటే దాహమేస్తుందని డబ్బా కూడా పక్కదానికి ఇచ్చేస్తున్నా." పిల్ల కళ్లలో చిన్న గర్వం. "ఇవాళ తడవలేదు కదమ్మా?"

మంచం కింద కవరులో తడి స్కర్టు ఉంది. ఆమె చూపు దాని మీద పడింది. రోజూ జాగ్రత్త అనుకుంటూ తనే ఈ పిల్ల నోరు కట్టేసింది.

"తడిసిందమ్మా," అంది ఎలాగో. "తడిస్తే ఏం? ఉతుక్కుంటాం. ఇంకెప్పుడూ ఆ మాట అనను." చేతిలో గ్లాసు వంగి నీళ్లు నేల మీద ఒలికాయి. "అత్తయ్యా, నేను ఎంతెంత మాటలు..."

"ముందు ఆ గ్లాసిలా తే, సగం నేలకే పోస్తున్నావు." అత్తగారు మనవరాలి తల ఎత్తి పట్టుకుంది. "మీ నాన్న మీసాలొచ్చేదాకా పక్క తడిపాడే పిచ్చుకా. ఉతికి ఉతికి నా చేతులరిగాయి. అడుగు, కాదంటాడేమో!"

పిచ్చుక పెదవి కొంచెం విచ్చుకుంది. ఒక గుక్క. ఆ సన్నటి గొంతులో నీళ్లు దిగుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె చెయ్యి అత్తగారి కొంగును పట్టుకుని ఇక వదల్లేదు.