డాబా మీద మడులు

ఆదివారం పొద్దున్నే రోస్మీరా మొక్కజొన్న రొట్టెలు కాల్చి, బెల్లం నీళ్లు కాచి, డాబా మీద మొక్కలకు నీళ్లు పోసి చర్చికి వెళ్లింది. మెడెలిన్ నగరపు కొండవాలులో ఇంటి మీద ఇల్లెక్కి కూర్చున్న ఆ పేటలో కంటికి పచ్చగా కనిపించేది ఆ డాబా ఒక్కటే. కొడుకు ఎదిల్సన్‌ను వీధి ముఠావాళ్లు కాల్చి చంపాక ఏడాదిపాటు ఆమె మంచం దిగలేదు. పక్కింటావిడ ఓ పగిలిన బకెట్లో కొత్తిమీర గింజలు చల్లి తెచ్చి మంచం పక్కన పెట్టింది. మొలకలొచ్చిన నాడు రోస్మీరా లేచి తలంటుకుంది. తర్వాత టమాటాలు, ఉల్లికాడలు, చిక్కుళ్లు. డాబా నిండింది, ఆమె మళ్లీ మనుషుల్లో పడింది.

చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు మట్టి గుట్ట. అందులో వేళ్లతో సహా పీకేసిన టమాటా మొక్కలు. పైన మేస్త్రీలు ఇటుకలు పేరుస్తున్నారు.

"ఎవరు పీకమన్నారే వీటిని?"

కూతురు యెసెనియా నిండు కడుపుతో మెట్ల మీద నిలబడింది. "నేనే. పైన ఒక గది వేసుకుంటామని ఎన్నిసార్లు అడిగానమ్మా? చూద్దాం చూద్దాం అన్నావు. రేపు బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలి, నీ ఉల్లికాడల మధ్యనా?"

"నన్ను బతికించినవే అవి! నీకు చేతులెలా వచ్చాయే? మీ అన్నే ఉండుంటే..."

"నిన్ను బతికించాయి, సరే. మరి నన్ను?"

పైన తాపీల చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు మంచమెక్కావు. శవాల గదికెళ్లి అన్నయ్యని గుర్తుపట్టిందెవరు? పదిహేడేళ్లదాన్ని, ఒక్కదాన్నే వెళ్లాను. వచ్చి నీ పక్కన కూర్చుంటే అటు తిరిగి పడుకున్నావు. లేచాకైనా నన్ను చూశావా? పొద్దున మొక్కలు, సాయంత్రం మొక్కలు. టమాటాకి పురుగు పడితే అన్నీ మానేసి దిగులుపడ్డావు. నేను తిన్నానో లేదో ఒక్కసారి అడిగావా?"

రోస్మీరా తిట్టబోయి ఆగిపోయింది. ఆ ఏడాది కూతురు ఏం తిన్నదో, ఎక్కడ ఏడ్చిందో గుర్తు చేసుకుందామంటే ఏమీ గుర్తు రాలేదు. బకెట్లో గింజలు చల్లి తెచ్చిన పరాయి మనిషి తన కోసం చేసిన పాటి పని కూడా కన్నకూతురికి తాను చెయ్యలేదు.

"ఇవాళ్టికి వెళ్లండి నాయనా, రేపు వచ్చి కట్టండి," అంది మేస్త్రీలతో.

"రేపు వాళ్లని రానివ్వవు. నాకు తెలుసు," అంది యెసెనియా.

"కట్టుకోవే. ఆ గది నీదే. ముందు ఇలా కూర్చో." కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది. "వాడు... ఆ రోజు ఎలా ఉన్నాడే?"

"ఇప్పుడెందుకమ్మా?"

"ఇన్నేళ్లూ నీ ఒక్కదాని మీదే వదిలేశాను. చెప్పు."

యెసెనియా చాలాసేపు ఏడ్చింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. అన్నయ్యకి ఒక కాలికే చెప్పుందనీ, రెండోది ఇవ్వమని అడిగితే అక్కడెవరూ పట్టించుకోలేదనీ, చలేస్తుందేమోనని తన స్వెట్టర్ తీసి కప్పి వచ్చిందనీ చెప్పింది.

రోస్మీరా చివరిదాకా విన్నది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.