అచ్చిరాని గుర్రం కూతురు

"ఈ ఇంటికి ఇంకో గుర్రం వచ్చిందంటే నేను బయటికి పోతాను! వినబడిందా? ఇవాళ మీరెవరూ వేలానికి వెళ్ళడానికి వీల్లేదు!"

కంచం పక్కకు నెట్టేసి, చేతికర్ర టకటకలాడించుకుంటూ అతను గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకున్నాడు. అతని భార్య చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. రెండేళ్ళుగా ఆ మనిషి నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా రావడం ఇదే మొదలు... వచ్చిన మాటలు కూడా ఇవా!

ఒకప్పుడు అతను పేరు మోసిన జాకీ. వాన కురిసిన ఓ మధ్యాహ్నం, పందెంలో మలుపు దగ్గర గుర్రం కాలు జారింది. గుర్రం లేచింది గానీ అతను లేవలేదు! ఆస్పత్రిలో స్పృహ రాగానే అడిగిన మొదటి మాట, "దానికేం కాలేదు కదా?" అని. అప్పటికే దాన్ని అచ్చిరాని గుర్రమని ఇంట్లోవాళ్ళే అమ్మేశారన్న సంగతి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. తెలిశాక అతను ఎవర్నీ ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి ఇంటి వెనకే ఉన్న గుర్రాల శాల గడప తొక్కలేదు, అంతే!

ఆ శాల అతని తల్లిది, అంటే ఆమెకు అత్తగారిది. నిజానికి ఆవిడ ఒక్కదానిదే కాదు. భర్త పోయాక తెలిసినవాళ్ళందర్నీ కూడగట్టి, తలా ఒక వాటా వేయించి, నాలుగు గుర్రాల గదులతో దాన్ని నిలబెట్టుకుంది. లెక్కల మేష్టారికో వాటా, బట్టలు కుట్టే అక్కయ్యకో వాటా! ఏటా వేలంలో పాట పాడేది మాత్రం అత్తగారే. ఆవిడ గొంతెత్తితే అవతలివాళ్ళు పాటకు ఎత్తిన నంబరు అట్టలు కిందికి దించేసేవాళ్ళు.

అలాంటి మనిషికి సరిగ్గా ఈ వేళే జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది! నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. కొడుకు వేసుకున్న తలుపు వైపు దిగులుగా చూసింది. తర్వాత కోడలి వైపు వేలు చూపించింది... నువ్వే పాడాలి!

"నేనా అత్తయ్యా! గుర్రం తుమ్మితేనే నేను గోడెక్కుతానే!"

అత్తగారు వేలు దించలేదు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. ఎందుకంటే ఈ సారి ఏ గుర్రం కొనాలో చెప్పింది తనే! ఆ అచ్చిరానిదన్న గుర్రానికే పుట్టిన ఆడపిల్ల వేలానికి వస్తోందని తెలిసి, వాటాదారులందర్నీ బతిమాలి ఒప్పించింది. దాన్ని చూస్తే ఆయన మనసు కరుగుతుందేమోనని ఒక ఆశ... మరి ఈ కోపం చూస్తే దాన్ని ఏ ముఖం పెట్టుకుని ఇంటికి తేవాలి? తేకుండా మాత్రం ఎలా ఉండాలి? గరిటె పక్కన పెట్టి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుంది.

వేలం జరిగే చోట గుండ్రని బరి, చుట్టూ మెట్లమెట్లుగా బల్లలు. ఏడాది వయసున్న గుర్రప్పిల్లలు ఒక్కొక్కటే వచ్చి, కొత్త జనాన్ని చూసి బెదిరి, ఒక చుట్టు తిరిగి వెళ్తున్నాయి. తమ పిల్ల వంతు వచ్చేసరికి కోడలు బల్ల అంచుకు జరిగింది. జేగురు రంగు, పొడుగాటి కాళ్ళు. తల్లి నడకే! బరి మధ్యకొచ్చి ఆగి, నాకేం తొందర అన్నట్టు అందర్నీ తేరిపార చూసింది. మెట్ల మీద ఎవరో నవ్వారు.

"ఎవరైనా మొదలుపెట్టండి!" అన్నాడు వేలందారు.

కోడలు నంబరు అట్ట ఎత్తింది. మొదట్లో ఇద్దరు ముగ్గురు పోటీకొచ్చారు. అది అచ్చిరాని గుర్రం పిల్ల అని ఎవరో అనగానే ఒక్కొక్కరే తప్పుకున్నారు. హమ్మయ్య అనుకునేలోగా ఎదుటి వైపు స్తంభం చాటు నుంచి ఇంకో అట్ట లేచింది. ఈమె ఎత్తగానే అదీ ఎత్తడం! ఎవరో ఏమో, స్తంభం అడ్డుగా ఉండి చెయ్యి తప్ప మనిషి కనబడడు.

బల్ల చివర కూర్చున్న అత్తగారు అటు తొంగి చూసి ఒక్కసారిగా ఉలిక్కిపడింది. రెండు చేతులూ గాల్లో ఊపుతూ, కోడలి భుజం పట్టి కుదుపుతూ, నోరు తెరిచి మూస్తూ నానా హైరానా పడింది!

"అమ్మాయీ, ఇంకా పెంచమంటున్నారు!" అన్నారు మిగతా వాటాదారులతో కలిసి వెనక బల్ల మీద కూర్చున్న లెక్కల మేష్టారు.

కోడలు పెంచింది. అత్తగారు తల బాదుకుంది.

"చాలదట! ఇంకా పెంచు!"

అనుకున్న హద్దు ఎప్పుడో దాటిపోయింది. కోడలు బిక్కమొహంతో వెనక్కి తిరిగింది. "నా కొత్త మిషన్ వచ్చే ఏడాది కొనుక్కుంటాలేవే, పాడు!" అంది కుట్టే అక్కయ్య. "నేను లెక్క మర్చిపోయాను తల్లీ, పాడు!" అన్నారు మేష్టారు. స్తంభం చాటు అట్ట మళ్ళీ లేచింది.

"అటు వైపు ఒకటోసారి... రెండోసారి..."

ఇంక ఆగలేకపోయింది. తను గుర్రాలంటే భయపడే మనిషినన్న సంగతే మర్చిపోయి బల్లెక్కి నిలబడింది.

"ఉండండి! ఆ పిల్ల మా ఇంటిదండీ! దాని తల్లిని మా ఆయన ప్రాణంగా చూసుకున్నారు! మేమింకా పాడుతున్నాం!"

స్తంభం చాటున అట్ట టప్పున కింద పడింది. చేతికర్ర చప్పుడయింది. అతను ఇవతలికి వచ్చాడు... ఆమె భర్త!

"నువ్వా?!"

"మీరా?!"

బరి చుట్టూ ఒకటే నవ్వులు. వేలందారు సుత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఇంతసేపూ మొగుడూపెళ్ళాలు ఒకరి మీద ఒకరు పాడుకున్నారా! నాకేం నష్టం లేదు గానీ... అమ్మగారి పాట, మూడోసారి!"

ఆమె మెట్లు దిగిందో దూకిందో తనకే తెలియలేదు. "వేలానికి వెళ్ళొద్దని పొద్దున అంతలేసి కేకలేసి, మీరెందుకొచ్చారండీ?"

అతను చేతికర్రతో నేల మీద గీశాడు. "శాలలో ఖాళీ ఒక్క గదే కదా... మీరు ఇంకేదో కొనుక్కొచ్చి దాంట్లో కట్టేస్తే, నా పిల్లకి చోటెక్కడిదే? దెబ్బ తగిలినప్పుడు పరిహారంగా ఇచ్చిన డబ్బంతా దీనికోసం దాచాను. దాని తల్లిని వద్దనుకున్నవాళ్ళు దీన్ని కోరుకుంటారని నేనెలా అనుకుంటాను?"

"నన్ను ఒక్క మాట అడగకూడదూ..."

"నువ్వు మాత్రం చెప్పావా?"

ఇద్దరికీ కన్నీళ్ళూ, నవ్వూ కలిసే వచ్చాయి. అప్పటికి అత్తగారు ఆయాసపడుతూ చేరుకుంది. కొడుకు రెండు చేతులూ పట్టుకుని పెదవులు కదిపింది. మాట రాలేదు. కన్నీళ్ళే జలజలా రాలాయి.

"ఊరుకో అమ్మా..." అతను తల్లిని దగ్గరికి తీసుకున్నాడు. "నువ్వు ఏడిస్తే చూడగలను గానీ, నన్ను తిట్టకుండా నిలబడితేనే భయమేస్తోంది!"

పెరిగిన పాటకు తక్కువైన డబ్బంతా అతను దాచినదాంట్లోంచి అతని వాటాగా చేరిపోయింది. "అచ్చిరావడమంటే ఇదేనమ్మా!" అన్నారు మేష్టారు. కుట్టే అక్కయ్య అప్పుడే గుర్రప్పిల్లకు చలికి కప్పే దుప్పటి కొలతలు తీసేస్తోంది.

సాయంత్రం వంటింట్లో పని ముగించుకుని ఆమె శాల వైపు వెళ్ళింది. లోపల్నుంచి గొంతు వినిపిస్తోంది. ఆగకుండా, గలగలా! గుర్రప్పిల్ల మెడ మీద చెయ్యి వేసి అతను ఏవేవో చెప్పుకుపోతున్నాడు. ఆ వాన రోజు గురించి, ఆస్పత్రిలో నిద్ర పట్టని సంగతి గురించి, కుంటివాడయ్యాడని ఇంట్లోవాళ్ళు జాలిపడతారేమోనన్న భయం గురించి... పిల్ల చెవులు రిక్కించి బుద్ధిగా వింటోంది.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బాగుందండీ! రెండేళ్ళుగా నాతో మాట్లాడాల్సినవన్నీ దీంతోనా మాట్లాడుతున్నారు?"

అతను తిరిగి చూశాడు. సిగ్గుపడుతూ, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"నీకు చెప్పేముందు ఒకసారి వల్లించుకుంటున్నానే," అన్నాడు. "రా... భయపడకు. మళ్ళీ మొదట్నుంచి చెబుతాను."