రైలుపురుగు మీద నూకాలు

మణిగిరి రాజ్యంలో మూడు రోజులుగా ఒక్క పసిబిడ్డ ఏడుపూ వినిపించడం లేదు. ఆ నిశ్శబ్దం ఎంత భయంకరమో అక్కడి తల్లులనే అడగాలి. రాజకుమారి పెళ్లికి రాత్రింబవళ్లు మోగిన నగారాలు కొండగుహలో పడుకున్న రాక్షసిని నిద్ర లేపాయి. "నా నిద్ర పాడు చేశారు గనక పదేళ్లలోపు మీ పిల్లలెవరూ ఇక లేవరు. నాలుగో రోజు పొద్దు గుంకితే రాళ్లయిపోతారు!" అని శపించి ఆమె ఎటో వెళ్లిపోయింది.

నూకాలుకు పదేళ్లు దాటాయి గనక శాపం తగల్లేదు; ఆమె తమ్ముడు తౌడు మాత్రం అందరిలాగే పడి ఉన్నాడు. నూకాలు తరువాత పుట్టిన ఇద్దరు పోతే, వీడైనా దక్కాలని, దిష్టి తగలకుండా ఆ పేరు పెట్టుకున్నారు. మూడో రోజు సాయంత్రానికి వాడి వేళ్లు చల్లబడి గట్టిపడసాగాయి. నూకాలు పరుగున వెళ్లి, ఊరి చివర ఆశ్రమంలో ఉండే ముని కాళ్ల మీద పడింది.

"నది అవతల ఒక ఊట ఉంది తల్లీ. ఆ నీళ్లు రాస్తే కళ్లు తెరుస్తారు. ఈ రాత్రి బండెక్కితే తెల్లారేసరికి రేవు చేరతావు. కానీ పడవ రోజుకు ఒక్కసారే కదులుతుంది, జాగ్రత్త" అన్నాడు ముని.

ఆ బండి ఏమిటనుకున్నారు పిల్లలూ? వానాకాలంలో మీరు రైలుపురుగు అని పిలిచే రోకలిబండే! కాకపోతే ఊరంత పొడవు. నల్లటి వీపు మీద మూడేసి వరుసల బెర్తులు. నూకాలు ఖాళీ ముంతతో మధ్య బెర్తు ఎక్కింది. కింది బెర్తులో, కళ్లు ఎర్రగా వాచిపోయిన ముసలమ్మ ఒకతె ఉంది.

"ఓలమ్మీ, రేవొస్తే నన్ను లేపుతావేటి? నిద్దరోయి మూడు రోజులైపోనాది."

"లేపుతాన్లే మామ్మా. నువ్వు తొంగో."

అడవి మధ్యలో బండి నెమ్మదించింది. పై బెర్తు వ్యాపారికి ఓపిక నశించింది. "నడవ్వే మొద్దూ!" అంటూ చేతికర్రతో దాని వీపును పొడిచాడు. అంతే! రోకలిబండ గిర్రున చుట్ట చుట్టుకుపోయింది. బెర్తులు ఒకదానికొకటి ఒత్తుకున్నాయి. జనం కేకలు వేస్తూ దాన్ని ఇంకా బాదసాగారు.

నలుగురిలో నోరు విప్పాలంటేనే నూకాలుకు భయం. కానీ తౌడు చల్లని వేళ్లు గుర్తొచ్చాయి.

"కొట్టకండి! పొడిస్తే ఇంకా బిగుసుకుంటాది. సప్పుడు సెయ్యకుండా ఊరుకుంటే దానంతటదే విప్పుకుంటాది. మా పెరట్లో ఎన్నింటిని సూడనేదు!"

"పెద్ద సెప్పొచ్చింది గుంట" అని వ్యాపారి గొణిగాడు. అయినా కర్ర దించాడు.

అందరూ ఊపిరి బిగబట్టారు. ముసలమ్మ గురక ఒక్కటే వినిపిస్తోంది. చుక్కలు ఒక్కొక్కటే కొండ వెనక్కి జారుతుంటే నూకాలు ఏడుపు దిగమింగుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి ఒక కాలు కదిలింది. తరువాత ఇంకొకటి.

రేవు చేరేసరికి తూర్పు తెల్లబడింది. పడవ తాడు విప్పుతున్నారు! అందరూ దూకి పరుగెత్తారు. నూకాలూ నాలుగడుగులు పరుగెత్తి, ఆగిపోయింది. ముసలమ్మ ఇంకా లేవలేదు.

"మామ్మా! రేవొచ్చీసింది మామ్మా!" వెనక్కి వచ్చి భుజం మీద మెల్లగా తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పిలిచింది. పడవ గట్టు వదిలింది. మూడోసారి పిలిచాక ముసలమ్మ హాయిగా ఒళ్లు విరుచుకుంది.

నూకాలు ఇసుకలో కూలబడింది. "పడవ ఎల్లిపోనాది మామ్మా. నా తమ్ముడు రాయైపోతాడు."

"నా కోసం ఆగిపోనావేటే! మీదే ఊరు?"

"మణిగిరి."

ముసలమ్మ నూకాలు చేతిలోని ఖాళీ ముంత వైపు చూసింది. తరువాత లేచి నిలబడింది. ఇంకా పైకి లేస్తూనే ఉంది. తల తాటిచెట్లను దాటిపోయింది.

"ఆ శాపం నాదే గుంటా. నిద్దర కోసమే ముసల్దాని యేసంలో బండెక్కినాను. ఇచ్చిన శాపం నేను ఎనక్కి తీసుకోలేను. కానీ నగారాలతో లేపినోళ్లే గానీ, మామ్మా అని పిలిచి లేపినోళ్లు ఇంతదాకా ఎవులూ లేరు. ఎక్కు, నా భుజమ్మీద!"

రాక్షసి రెండే అంగల్లో నది దాటింది. కింద పడవలో వ్యాపారి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నూకాలు ముంత నింపుకుంది. మిట్టమధ్యాహ్నానికల్లా ఇద్దరూ మణిగిరిలో ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చుక్క చొప్పున రాజ్యంలోని పిల్లలందరికీ నీళ్లు సరిపోయాయి.

"అక్కా, ఏడుత్తన్నావేటి? నాకాకలేత్తంది" అన్నాడు తౌడు, కళ్లు నులుముకుంటూ.

రాజు ఏం కావాలో కోరుకొమ్మంటే నూకాలు తల వంచుకునే చెప్పింది: "పొద్దు గుంకినాక నగారాలు మోగించకండి మారాజా. మామ్మ తొంగుంటాది."

రాజు సరేనని, మామ్మ గుహ ఉన్న కొండసీమనంతా ఏలుకొమ్మని నూకాలుకే ఇచ్చేశాడు. ఆమె ఎన్ని పనులు ఎందరికి అప్పగించినా, రోజూ తెల్లవారాక గుహ ముందుకు వెళ్లి "మామ్మా" అని మెల్లగా పిలిచే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.