కుట్ల మీద మైనం

అమ్మ బూటు మీద ఎక్స్‌ప్రెస్‌కి తన ముక్కు కనిపించింది.

అంత బాగా మెరుస్తోంది ఆ బూటు. ఎక్స్‌ప్రెస్ గుమ్మం మెట్టు మీద కూర్చుని, బూటును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పాత బనియన్ ముక్కతో దాని ముందుభాగాన్ని తెగ రుద్దుతోంది. ఒకసారి నాలుక బయటపెట్టి చూసుకుంది. బూటు మీద కూడా నాలుక కనిపించింది. ఇక చాలనుకుంది.

ఎక్స్‌ప్రెస్ అంటే రైలు కాదు, ఐదో తరగతి చదివే అమ్మాయి. పళ్ళు తోముకోవడం, హోంవర్క్ రాయడం, భోజనం చెయ్యడం, అన్నీ పరుగు మీదే. స్నానానికి వెళ్ళిందని మనం అనుకునేలోపే తల తుడుచుకుంటూ బయటికి వచ్చేస్తుంది. వీపు తడిసిందో లేదో ఆ తువ్వాలుకే తెలియాలి. అందుకే వాళ్ళ నాన్న ఆ పేరు పెట్టాడు.

అమ్మ ట్రాఫిక్ పోలీసు. ఎండైనా వానైనా పెద్ద కూడలిలో నిలబడి బళ్ళను ఆపుతుంది, పంపిస్తుంది. నాన్న టైలర్. ఇంటి ముందుగదే ఆయన షాపు. అమ్మ బూట్లు చూసుకునే పని మొదటినుంచీ నాన్నదే. ప్రతి ఆదివారం ఆ బూట్లు ముందేసుకుని తీరిగ్గా కూర్చునేవాడు.

కానీ ఇప్పుడు స్కూళ్ళు తెరిచారు. చుట్టుపక్కల పిల్లల యూనిఫాంలన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ముందుగది నిండా నీలం నిక్కర్లు, గళ్ళ చొక్కాలు గుట్టలుగా ఉన్నాయి. ఆ గుట్టల వెనక నాన్న ఎక్కడున్నాడో మిషన్ చప్పుడు బట్టి వెతుక్కోవాలి.

అందుకే పొద్దున ఎక్స్‌ప్రెస్ తనే అడిగింది. "నాన్నా, ఈసారి అమ్మ బూట్లు నేను చూస్తా."

నాన్న ముఖం వెలిగిపోయింది. మిషన్ ఆపి మరీ నేర్పించాడు.

"ముందు లేసులు తీసెయ్. పాత బ్రష్‌తో మట్టి దులుపు. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు. ఆ తర్వాత ఈ క్రీమ్ పల్చగా రాయాలి. తోలు కూడా మన చర్మంలాగే పొడిబారిపోతుంది కదా. ఆ క్రీమ్ పీల్చుకోవడానికి దానికి సాయంత్రందాకా టైమివ్వు. అప్పుడు మైనం."

"మైనం రాసి మెరిపించెయ్యాలి. అంతేగా?"

"అంతే కాదు తల్లీ. మైనం ముందు కుట్ల మీద పెట్టాలి. వేలితో తీసుకుని, కుట్టు వెంబడే, లోపలికి దిగేలా రుద్దాలి. లేసుల కింద బూటు నాలుక ఉంటుంది చూడు, దాని పక్క మడతలో కూడా. మెరిపించడం అన్నిటికన్నా చివర్లో."

"ఊఁ ఊఁ" అంది ఎక్స్‌ప్రెస్.

ఒక్క ఊఁ అంటే వింటోందని. రెండు ఊఁలంటే మనసు వీధిలో ఉందని. వీధిలో అప్పటికే నేస్తాలు షటిల్ బ్యాట్లు పట్టుకుని చేరుతున్నారు మరి.

ఎక్స్‌ప్రెస్ మట్టి దులిపింది, తుడిచింది, క్రీమ్ రాసింది. తోలు దాన్ని పీల్చుకుందో లేదో చూడలేదు. మైనం డబ్బా మూత తీసి కుట్ల వైపు చూసింది. నల్ల తోలు, నల్ల దారం. మైనం పెట్టినా పెట్టకపోయినా ఒకేలా ఉంటాయి. వంగి వంగి ఎవరు చూస్తారులే అనుకుంది. అందరికీ కనిపించేది ముందుభాగమే కాబట్టి దాన్నే రుద్దింది.

"కుట్లు అయ్యాయా తల్లీ?" నిక్కర్ల గుట్ట వెనక నుంచి నాన్న అడిగాడు.

"అయ్యాయి" అంది ఎక్స్‌ప్రెస్. ఆ మాట నాన్న చెవిన పడేసరికే ఆమె గేటు దాటేసింది.

మర్నాడు పొద్దున అమ్మ తన బూట్లు చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇవి నావేనా? అబ్బ, వీటిని కాళ్ళకు తొడుక్కోవాలో, గోడకు తగిలించి తల దువ్వుకోవాలో తెలియట్లేదు" అంటూ ఎక్స్‌ప్రెస్ బుగ్గ మీద ముద్దుపెట్టింది. "థాంక్స్ బంగారం. మా ఇన్‌స్పెక్టర్ గారికి చూపిస్తాను."

ఎక్స్‌ప్రెస్ స్కూలుకి గాల్లో తేలుతూ వెళ్ళింది.

గురువారం వాన పట్టుకుంది. సాయంత్రం స్కూలు వ్యాను కూడలి దగ్గర ఆగిపోయింది. రోడ్డంతా నీళ్ళే. మధ్యలో రెయిన్‌కోటు వేసుకుని అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి ఎత్తి లారీల వరసను ఆపింది. రెండో చేత్తో ఒక ఆడపిల్లల గుంపును రోడ్డు దాటిస్తోంది.

వ్యాన్లో పిల్లలంతా కిటికీకి అతుక్కుపోయారు. ఎక్స్‌ప్రెస్ పక్కన కూర్చునే అబ్బాయిని కరకర అంటారు. వాడి నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నలుగుతూ ఉంటుంది.

"మీ అమ్మ డాన్స్ చేస్తోందే" అన్నాడు కరకర బిస్కెట్ నములుతూ.

నిజమే. అమ్మ చేతులు కదలకుండా ఉన్నాయి కానీ కాళ్ళు కుదురుగా లేవు. కుడికాలు ఎత్తి విదిలించింది. కాసేపటికి ఎడమకాలు ఎత్తి విదిలించింది. వ్యాన్లో అందరూ నవ్వారు. ఎక్స్‌ప్రెస్ కూడా నవ్వింది. కానీ అమ్మ అలా చెయ్యడం ఎప్పుడూ చూడలేదే అనిపించి, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ మామూలుగానే ఉంది. "ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు, ఇంత బాగా పాలిష్ చేసిందెవరని. మా అమ్మాయండీ అని చెప్పాను" అని గొప్పగా చెప్పింది.

ఎక్స్‌ప్రెస్ సంతోషంగా కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూంలోకి పరిగెత్తింది. తలుపు వెనక కొక్కేనికి అమ్మ సాక్సులు వేలాడుతున్నాయి. వాటి నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఒకదాన్ని పిండింది. బురదనీళ్ళు ధారగా కారాయి.

బయటికి వచ్చి చూస్తే, అమ్మ మంచం అంచున కూర్చుని పొడిగుడ్డతో పాదాలు తుడుచుకుంటోంది. వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మడమ దగ్గర చర్మం లేచిపోయింది. ఎక్స్‌ప్రెస్‌ని చూడగానే అమ్మ పాదాలను దుప్పటి కిందికి లాక్కుంది.

"బూట్లలోకి నీళ్ళొచ్చాయా అమ్మా?"

"వాన కదే. కాస్త తడవకుండా ఎలా ఉంటాయి?"

"ఇంతకుముందు వానల్లో తడిశాయా?"

అమ్మ దుప్పటిని ఇంకాస్త ముందుకు లాక్కుంది. అప్పటికే నాన్న మిషన్ మీంచి లేచి, గుమ్మంలో ఉన్న బూటు తీసుకున్నాడు. లోపలికి చెయ్యి పెట్టాడు. తర్వాత వేలితో కుట్టును నొక్కాడు. దారం పక్కనుంచి సన్నటి నీటిబొట్టు పైకి ఉబికింది.

నాన్న ఎక్స్‌ప్రెస్ వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

"కుట్టంటే ఏంటి తల్లీ? తోలు నిండా సూదితో పొడిచిన కన్నాలు. నీళ్ళు ఆ దారినే వస్తాయి" అన్నాడు మెల్లగా.

ఎక్స్‌ప్రెస్ తల దించుకుంది. "నేను కుట్లకు మైనం పెట్టలేదు నాన్నా. అయ్యాయని అబద్ధం చెప్పాను." ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి అడిగింది. "తడిశాయని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వంత ఇష్టంగా చేశావు కదా. చెప్తే నీ ముఖం చిన్నబోతుందని" అంది అమ్మ.

దాంతో ఎక్స్‌ప్రెస్‌కి ఏడుపు ఆగలేదు. అమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని, దుప్పటి అంచుతో కళ్ళు తుడిచింది.

ఏడుపు అయిపోగానే పాత ఎక్స్‌ప్రెస్ మళ్ళీ లేచింది. బూట్లు రెండూ పట్టుకుని వంటింట్లోకి పరుగుతీసింది. "పొయ్యి పక్కన పెడితే చిటికెలో ఆరిపోతాయి. ఇప్పుడే మైనం పెట్టేస్తా."

"ఆగాగు" అని నాన్న అడ్డం వచ్చాడు. "వేడి తగిలిందంటే తోలు చెక్కలా బిగుసుకుపోయి పగులుతుంది. ఇవి వాటంతట అవి ఆరాలి. రెండు మూడు రోజులు పడుతుంది."

"మరి రేపు అమ్మ ఏం వేసుకుంటుంది?"

"పాత జత ఉందిగా. వేళ్ళ దగ్గర కాస్త బిగుతు, అంతే" అంది అమ్మ.

ఆ రెండు రోజులూ అమ్మ పాత జతతోనే వెళ్ళింది. సాయంత్రం వచ్చేటప్పుడు గేటు దగ్గర్నుంచి గుమ్మందాకా కుంటుకుంటూ వచ్చేది. అది చూసిన ప్రతిసారీ ఎక్స్‌ప్రెస్ మనసు చివుక్కుమనేది. బూట్లలో చిత్తుకాగితాలు కుక్కింది. అవి తడిసినప్పుడల్లా తీసేసి పొడివి పెట్టింది. ఇంకేమీ చెయ్యడానికి లేదు. ఎదురుచూడటం ఎంత కష్టమో ఆమెకు మొదటిసారి తెలిసింది.

ఎదురుచూస్తూ కూర్చుంటే ఆలోచనలు వస్తాయి కదా. ఇన్ని వానలు కురిశాయి, ఇన్నేళ్ళు అమ్మ నీళ్ళలో నిలబడింది. అయినా అమ్మ పాదాలు ఒక్కసారి కూడా తడవలేదు. ఎందుకంటే ప్రతి ఆదివారం నాన్న ఎవరికీ కనిపించని చోట వేలితో మైనం రుద్దాడు. ఎవరూ మెచ్చుకోలేదు. అసలు ఎవరూ చూడనే లేదు.

ఆదివారం పొద్దున ఎక్స్‌ప్రెస్ మిషన్ దగ్గరికి వెళ్ళి, నాన్న మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఏంటే, ఏం కావాలి?" అన్నాడు నాన్న అనుమానంగా.

"ఏం వద్దు. థాంక్స్ చెబుదామని."

"దేనికి?"

"కుట్లకు."

నాన్న తన చేతిలో ఉన్న నిక్కరు కుట్టు వైపు చూసుకున్నాడు. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నవ్వి, ఆమె నెత్తి మీద చిన్నగా మొట్టాడు.

ఈసారి ఎక్స్‌ప్రెస్ క్రీమ్ పల్చగా రాసి, బూట్లను నీడలో పెట్టి, వాటి పక్కనే కూర్చుంది. షటిల్ బ్యాట్లతో నేస్తాలు గేటు దగ్గరికి వచ్చారు.

"రావే, టీమ్‌లో ఒకరు తక్కువయ్యారు" అని అరిచాడు కరకర.

"మీరు ఆడుతూ ఉండండి. తోలు ఇంకా క్రీమ్ పీల్చుకుంటోంది."

కరకర నమలడం ఆపేశాడు. వాడు నమలడం ఆపడం అదే మొదటిసారి.

సాయంత్రం మైనం డబ్బా తెరిచింది. వేలి చివర కొంచెం తీసుకుని కుట్టు మీద పెట్టి రుద్దింది. ఒక్కో కన్నం, ఒక్కో దారం. మడమ చుట్టూ రుద్దింది. బూటు నాలుకను పక్కకు లాగి, లోపలి మడతలో కూడా రుద్దింది. వేలు నొప్పెట్టింది. వేలు మార్చింది. చివర్లో నాన్నను పిలిచి, "కుట్లు చూడు నాన్నా" అని తనే చూపించింది.

నాన్న చెంచాతో రెండు చుక్కల నీళ్ళు తెచ్చి కుట్టు మీద వేశాడు. చుక్కలు గుండ్రంగా నిలబడి, జారి కింద పడిపోయాయి. తోలు తడవలేదు. ఎక్స్‌ప్రెస్ ఊపిరి వదిలింది.

ముందుభాగం మెరిపించే వంతు వచ్చేసరికి చీకటి పడింది. ఏదో నాలుగు రుద్దులు రుద్ది వదిలేసింది. ఈసారి ముక్కు సరిగ్గా కనిపించలేదు.

మంగళవారం పెద్ద వాన కురిసింది. వ్యాను కూడలి దగ్గర ఆగింది. అమ్మ నీళ్ళ మధ్యలో నిలబడి, చెయ్యెత్తి ఒక బస్సును ఆపింది. అందరూ అమ్మ చేతుల వైపు చూస్తున్నారు. ఎక్స్‌ప్రెస్ మాత్రం అద్దానికి నుదురు ఆనించి అమ్మ కాళ్ళ వైపే చూస్తోంది. అవి కదల్లేదు. వ్యాను బయల్దేరేదాకా కదల్లేదు.

"ఈరోజు మీ అమ్మ డాన్స్ చెయ్యట్లేదేం?" అన్నాడు కరకర.

ఎక్స్‌ప్రెస్ వాడి డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసుకుంది.

సాయంత్రం అమ్మ వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఎక్స్‌ప్రెస్ ముందే అక్కడ కాచుకుని ఉంది. లేసులు విప్పి, బూటు లాగి, లోపలికి చెయ్యి పెట్టింది. వేళ్ళు చివరిదాకా వెళ్ళాయి. లోపల పొడిగా ఉంది. అమ్మ పాదం వెచ్చదనం ఇంకా అందులోనే ఉంది.

ఎక్స్‌ప్రెస్ తన చెయ్యి బయటికి తియ్యలేదు.

"ఇంకా ఎంతసేపే? రెండో బూటు కూడా విప్పాలి, ఆకలేస్తోంది" అంది అమ్మ నవ్వుతూ.

"ఉండమ్మా" అంది ఎక్స్‌ప్రెస్. "తొందరేముంది?"